ఆపమన్నది నేనే

ఆ ఏడు తిమింగలాల సీజను మొదలయ్యేసరికి మా అత్తయ్యకి పన్ను నొప్పి, నాకు ఫొటో పిచ్చి. రెండూ ఒకేసారి ముదిరాయి. పన్ను నొప్పికి లవంగం నూనె ఉంది. నా పిచ్చికి మందు ఎవరి దగ్గరా లేకపోయింది.

మాది పన్నెండు మంది పట్టే పడవ. ఏటా చలి తగ్గే రోజుల్లో తిమింగలాలు పిల్లల్ని వెంటేసుకుని మా తీరం పక్కనుంచే పోతాయి. మూడు నెలల ముచ్చట. వాటిని చూడ్డానికి వచ్చినవాళ్లని మేం తీసుకెళ్లి చూపిస్తాం. చుక్కాని అత్తయ్యది, లైసెన్సు కూడా ఆవిడ పేరు మీదే. ఇంజను, తాళ్లు, వచ్చినవాళ్ల వాంతులు మా ఆయన వంతు. నేను ముందు భాగంలో నిలబడి ఎక్కడ ఏది లేచిందో కేకేసి చెబుతాను, ఫొటోలు తీస్తాను. పెళ్లికి ముందు స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీసేదాన్ని. "గడ్డం కొంచెం పైకి, కదలకండి" అని చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. తిమింగలం దగ్గర ఆ మాటలు చెల్లవు. అది ఎప్పుడు ఊపిరి వదిలితే అప్పుడే ఫొటో.

అత్తయ్య పడవలో రెండు మాటలున్నాయి. ఒకటి "నిలుపు", రెండోది "ఆపు". బయటివాళ్లకి రెండూ ఒకటే, మాకు కాదు. నిలుపు అంటే గేరు తీసెయ్యాలి గానీ ఇంజను గురగురమంటూనే ఉండాలి. ఆపు అంటే తాళం తిప్పి ఇంజను నోరు మూసెయ్యడం. ఆ రెండో మాట రేవులో పడవ కట్టేటప్పుడే నోట రావాలి. చుట్టుపక్కల తిమింగలం ఉందంటే ఎప్పుడైనా నిలుపే.

"ఆపేస్తే దానికి ఇంకా ప్రశాంతంగా ఉంటుంది కదత్తయ్యా?" అని కొత్తలో అడిగాను.

"ఇరుకు వంటింట్లో ఒకళ్ల వెనకనుంచి పోతూ 'వేడి గిన్నె, వేడి గిన్నె' అంటావా, అనవా?"

"అంటాను."

"ఇదీ అంతే. మనమెక్కడున్నామో దానికి వినపడుతూ ఉండాలి. నీళ్లలో వాటికి కంటి కంటే చెవే దిక్కు. నువ్వు చప్పుడాపేసి నక్కి కూర్చుంటే అది తిన్నగా నీ కిందకొచ్చి లేస్తుంది. అప్పుడు తప్పెవరిది?"

మిగతా నియమాలు అందరికీ ఉన్నవే. వంద మీటర్ల ఇవతలే ఆగాలి. వెనకపడి తరమకూడదు, ఎదురెళ్లి అడ్డం నిలవకూడదు. తల్లికీ పిల్లకీ మధ్యకి అస్సలు దూరకూడదు. అరగంట కాగానే వెనక్కి రావాలి. ఒకవేళ తిమింగలమే ముచ్చటపడి మన దగ్గరికొస్తే, నిలిపి, చేతులు కట్టుకుని కూర్చోవాలి. మళ్లీ గేరు వేసేముందు అది దూరంగా తేలడం కంటితో చూడాలి. మా పడవలో ఆ కన్ను నేను.

రోజూ సాయంత్రం మా ఫొటోల కోసం ఒకావిడ సైకిలు మీద వచ్చేది. సముద్ర పరిశోధన కేంద్రంలో పని. ఏ రెండు తిమింగలాల తోకలూ ఒకేలా ఉండవట. తోక అడుగున ఉండే మచ్చల్ని, అంచుల్ని బట్టి ఏది ఏదో పోల్చి ఒక పెద్ద పుస్తకంలో రాసేది. నేను ఎంతో కష్టపడి తీసిన కళ్లూ నోళ్లూ చూపిస్తే, "మొహాలు మీరుంచుకోండి, తోకలు నాకివ్వండి" అనేది. రేవులో అందరూ ఆవిడని తోకలావిడ అనేవాళ్లు. ఆవిడకీ ఆ సంగతి తెలుసు, సరదాపడేది.

ఇక రాకెట్టు, రేవులో ఇంకో పడవాయనకి మేం పెట్టుకున్న పేరు. అతని పడవకి రెండు ఇంజన్లు, అతని నోటికి నాలుగు. "ముట్టుకునేంత దగ్గరగా" అని బోర్డు పెట్టుకుని జనాన్ని ఎక్కించుకునేవాడు. మేం జాగ్రత్తగా వంద మీటర్లలో నిలిపి ఉంటే, మా పక్కనుంచి దూసుకొచ్చి తిమింగలాన్ని బెదరగొట్టేసేవాడు. "వాడి లైసెన్సు పోయిన రోజు నేను రేవంతా చీపురు పెట్టి ఊడుస్తా" అనేది అత్తయ్య.

సరే, నా పిచ్చి దగ్గరికొస్తాను. ఒక ప్రకృతి పత్రికవాళ్లు ఫొటోల పోటీ పెట్టారు. గెలిచినవాళ్లని ఏడాదిపాటు తమ తరఫున ఫొటోలు తీసే పనిలో పెట్టుకుంటారు. నాకు ముప్పై రెండేళ్లు. పాస్‌పోర్టు ఫొటోల నుంచి బయటపడ్డాను గానీ, ఇప్పటికీ ఎవరైనా అడిగితే "పడవలో సాయంగా ఉంటాను" అని చెప్పుకునేదాన్ని. ఫొటోగ్రాఫర్ని అని ఒక్కసారైనా చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది. తీరా నా ఫొటోలు చూస్తే ఒక్కటీ నికార్సుగా లేదు. పెద్ద లెన్సు పట్టుకుంటే ఇంజను గురగుర కాళ్లలోంచి చేతుల్లోకి పాకి, ప్రతి ఫొటోలో తిమింగలం అంచు సన్నగా వణికేది. మామూలు కంటికి తెలియదు. నా కంటికి అది తప్ప ఇంకేమీ కనపడేది కాదు.

"ఒక్క నిమిషం ఆపితే ఏమవుతుందత్తయ్యా?" అని నాలుగైదుసార్లు బతిమాలాను.

"ఒక్క నిమిషం నువ్వు కళ్లు మూసుకుని మేడమెట్లు దిగు. ఏమవుతుందో చూద్దాం."

ఐదో వారంలో అత్తయ్య బుగ్గ పూరీలా పొంగింది. ఇక లాభం లేదని పన్ను పీకించుకోవడానికి బయల్దేరింది. ఆ రోజు ఎవరినీ ఎక్కించుకోవద్దు, తోకలావిడకి నాలుగు తోకలు తీసుకొచ్చేయండి చాలు, అంది. మా ఆయనకీ పడవ నడిపే అర్హత ఉంది. గుమ్మం దగ్గర బుగ్గ పట్టుకుని నిలబడి మరీ చెప్పింది. "వాడు చెయ్యి. నువ్వు కన్ను. గుర్తుందా?"

"గుర్తుందత్తయ్యా. మీరు వెళ్లండి, డాక్టరు గారు వెళ్లిపోతారు."

సముద్రం ఆ రోజు పళ్లెంలో పోసిన నీళ్లలా ఉంది. అలాంటి రోజులు సీజను మొత్తానికి మూడో నాలుగో వస్తాయి. దూరంగా రాకెట్టు పడవ ఇంకో గుంపు వెంట పోతోంది. మా ముందు ఒక తల్లీ పిల్లా. తల్లి నీళ్ల మీద దుంగలా పడుకుని ఉంది. పిల్ల దాని చుట్టూ తిరిగి తిరిగి, విసుగొచ్చినట్టుంది, తిన్నగా మా వైపు బయల్దేరింది. మా ఆయన గేరు తీసేశాడు. ఇంజను గురగురమంటోంది. పిల్ల వంద మీటర్లు దాటింది, యాభై దాటింది. కెమెరాలో దాని తల కనిపిస్తోంది, వణుకుతూ.

"ఆపు" అన్నాను.

"నిలిపే ఉందిగా."

"నిలపడం కాదు. ఆపు."

మా ఆయన నా వైపు తిరిగి చూశాడు. "అమ్మకి తెలిస్తే..."

"అమ్మ పన్ను పీకించుకుంటోంది. ఒక్క నిమిషం. నా బతుకులో ఇలాంటిది మళ్లీ రాదు."

ఆయన ఇంకొక్క క్షణం చూసి తాళం తిప్పాడు. పెళ్లయ్యాక నేను ఆయన్ని అడిగినవి తక్కువ. అడిగితే కాదనడం ఆయనకి చేతకాదు. అది తెలిసే అడిగాను.

చప్పుడు ఆగిపోయింది. నా కాళ్ల కింద చెక్క కదలడం మానేసింది. పిల్ల మెల్లిగా వచ్చి పడవ పక్కనే తల పైకెత్తి, ఒక పక్కకి ఒరిగి, నన్ను చూసింది. దాని కన్ను నా పిడికిలంత ఉంటుంది. చుట్టూ ముడతలు. దానికి భయం లేదు, కోపం లేదు, ఇదేమిటో తెలుసుకుందామన్న ఆత్రం తప్ప. నేను పంతొమ్మిది ఫొటోలు తీశాను. చివరిది నొక్కుతుంటే అది తోకెత్తి మునిగింది.

నేను వెంటనే కెమెరా తెర మీద చూసుకున్నాను. నికార్సుగా వచ్చింది. ఒక్కో ముడతా లెక్కపెట్టొచ్చు. కంట్లో మా పడవ, పడవలో నేను, అంత చిన్నగా.

"వచ్చిందా?" అన్నాడు మా ఆయన వెనకనుంచి.

"వచ్చింది! ఎంత బాగా వచ్చిందో!"

"పిల్ల ఎటు పోయింది?"

"వెళ్లిపోయింది, పద."

తల ఎత్తకుండానే అన్నాను. నా కళ్లు తెర మీదే ఉన్నాయి.

ఇంజను లేచింది, గేరు పడింది. ఆ వెంటనే వెనకభాగం కింద తడిబస్తా తగిలినట్టు దబ్బుమని ఒక దెబ్బ. మా ఆయన గేరు లాగేశాడు. పడవ వెనక నీళ్లలో ఎరుపు కనిపించింది, పెద్దగా కాదు, ఒక చాపంత. ముప్పై మీటర్ల అవతల పిల్ల లేచి తోకతో నీళ్లని పిచ్చిగా కొట్టింది. తోక ఎడమ అంచున రెండు చేతుల వెడల్పు ముక్క వేలాడుతోంది. నా వేలు అలవాటుకొద్దీ నొక్కుతూనే ఉంది. అంతలో తల్లి మాకూ దానికీ మధ్యకి వచ్చింది. రెండూ మునిగిపోయాయి, మళ్లీ మాకు కనిపించలేదు.

ఆరేళ్లుగా వచ్చినవాళ్ల వాంతులు కడుగుతున్న మనిషి, ఆ రోజు పడవ అంచు పట్టుకుని తనే కక్కుకున్నాడు.

"రేవులో చెబుదామా?" అన్నాడు మొహం కడుక్కుని.

"ముందు అది బతుకుతుందో లేదో చూద్దాం. బతికితే చెబుదాం."

అది ఏ లెక్కన న్యాయమో నాకిప్పటికీ తెలియదు. బతికితే చెప్పక్కర్లేదనీ, చస్తే చెప్పలేమనీ నాలో ఎవరో అప్పటికే లెక్క తేల్చేశారు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య నోట్లో దూది పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. మాట్లాడ్డానికి లేదు. పాత రసీదు వెనక "ఎన్ని తోకలు?" అని రాసి చూపించింది. "రెండు" అన్నాను. ఆ రెంటిలో ఒకటి ఎలా ఉందో చెప్పలేదు. ఆవిడ కొడుకు మొహం చూసింది, నా మొహం చూసింది, దూది సర్దుకుంది.

మర్నాటి నుంచి నేను కాలుగాలిన పిల్లినైపోయాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచేది కాదు. తుడిచిన లెన్సే తుడిచాను. ఇంట్లో గిన్నెలన్నీ దించి తోమి మళ్లీ సర్దాను. పడవ ఎక్కితే కళ్లు నీళ్ల మీదే, ఆ తెగిన అంచు కోసం. కనిపించాలని ఒక కోరిక, కనిపించకూడదని ఇంకొకటి. మూడో రోజున, ఇంక ఆ ఫొటో నా దగ్గరుంటే పిచ్చెక్కుతుందని, పోటీకి పంపేశాను. దరఖాస్తులో కింద ఒక గడి ఉంది. "ఈ ఫొటో కోసం ఏ ప్రాణినీ ఇబ్బంది పెట్టలేదని ప్రకటిస్తున్నాను." పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, నేనూ చటుక్కున ఒక టిక్కు కొట్టేశాను.

ఐదో రోజు వేరే పడవవాళ్లు ఆ పిల్లని చూశారు. బతికే ఉంది, తల్లిని ఆనుకుని మెల్లిగా ఈదుతోంది, అన్నారు. సాయంత్రం తోకలావిడ సైకిలు దిగీ దిగకముందే మొదలుపెట్టింది.

"తోక ఎడమ అంచు తెగిపోయింది. ప్రొపెల్లరు దెబ్బ. పోయిన వారం వరకూ బాగానే ఉంది, నా దగ్గర ఫొటో ఉంది. అందరూ ఈ వారం తీసినవన్నీ ఇవ్వండి. ఏ రోజు తెగిందో తేలితే ఎవరి పనో తేలుతుంది."

"తేలేదేముంది?" అన్నాడు టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ. "రాకెట్టు కాక ఇంకెవరు?"

అందరూ అదే అన్నారు. అనడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఆ రోజు అతను ఆ వైపే ఉన్నాడని ఇద్దరు చెప్పారు, నిజమే కూడా. పది రోజులు తిరిగేసరికి రేవు కార్యాలయంలో విచారణ అని నోటీసు వచ్చింది. అతని లైసెన్సు శాశ్వతంగా పోతుందని చెప్పుకున్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు "ప్రొపెల్లరు" అన్నా నేను ఉలిక్కిపడేదాన్ని. తోకలావిడకి ఆ వారం ఫొటోలన్నీ ఇచ్చాను, ఆ రోజువి తప్ప. కెమెరా కార్డు పాడైందని చెప్పాను.

ఒక పొద్దున్న నేను పడవలో తాళ్లు చుడుతుంటే రాకెట్టు వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. గడ్డం పెరిగిపోయి ఉంది. ఎప్పుడూ అరిచే మనిషి, మెల్లిగా అడిగాడు.

"చెల్లెమ్మా, ఆ రోజు నువ్వక్కడే ఉన్నావు కదా."

"ఉన్నాను."

"నేను వెధవనే, ఒప్పుకుంటా. వేగంగా పోతా, దగ్గరికి పోతా, మీ అత్తగారు తిట్టిన తిట్లన్నీ నావే. కానీ ఆ పిల్ల దగ్గరికి నేను పోలేదు. నీ ఫొటోల్లో ఎక్కడైనా వెనకాల నా పడవ పడి ఉంటుంది, దూరంగా. కాస్త చూసిపెట్టు. నిన్నొక్కదాన్నే అడుగుతున్నా, నువ్వు ఫొటోగ్రాఫర్‌వి."

నన్ను ఆ మాట అన్న మొదటి మనిషి అతనే. చూస్తానని చెప్పి తాడు వైపు తిరిగిపోయాను. చుట్టిన తాడు విప్పి మళ్లీ చుట్టాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

ఆ మధ్యాహ్నమే పత్రికవాళ్ల ఫోను. మీ ఫొటో చివరి ఐదింటిలో ఉంది, కళ్లు తిప్పుకోలేకపోతున్నాం, అన్నారు. ప్రకటన కాగితం పంపుతున్నాం, సంతకం చేసి, అసలు ఫొటో ఫైలు ముందూ వెనకా తీసినవాటితో కలిపి పంపండి, శుక్రవారం లోపల, అన్నారు. విచారణ కూడా శుక్రవారమే.

ఫోను పెట్టేసరికి మా ఆయన వెనక నిలబడి ఉన్నాడు.

"విచారణలో నేను చెప్పేస్తా" అన్నాడు. "నిలపబోయి పొరపాటున ఆపేశానని చెబుతా. మళ్లీ వేసేటప్పుడు చూసుకోలేదంటా. నీ పేరు రాదు. నీ ఫొటో నీకుంటుంది."

"నువ్వు పొరపాటున ఆపావా?"

"తాళం తిప్పింది నా చెయ్యేగా."

"ఆపమన్నది నా నోరు. వెళ్లిపోయిందన్నదీ నా నోరే. నువ్వడిగావు కూడా, పిల్ల ఎటు పోయిందని."

"ఇప్పుడవన్నీ ఎందుకు? ఒకళ్లు మునిగితే చాలదా? ఇద్దరం ఎందుకు?"

"ముగ్గురం. రాకెట్టుని మర్చిపోయావు."

ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆయన చెప్పినదానికి ఒక గంటసేపు ఆశపడ్డాను. ఆ సంగతి దాచను.

శుక్రవారం రేవు కార్యాలయంలో పై గది కిటకిటలాడింది. ప్లాస్టిక్ కుర్చీలు చాలక సగం మంది గోడలకి చేరబడ్డారు. అధికారి ఎదురుగా రాకెట్టు, తల దించుకుని. పక్కన తోకలావిడ, ఒళ్లో పెద్ద పుస్తకం. మొదటి వరసలో అత్తయ్య. చూసినవాళ్లు చూసింది చెప్పారు, చూడనివాళ్లు ఇంకా ఎక్కువ చెప్పారు. అధికారి కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇంకెవరైనా చెప్పేదుందా?" అని అడిగాడు. లేదనుకునే అడిగాడు, చేతిలో పెన్ను మూత అప్పటికే తీసి ఉంది.

మామూలుగా నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ మూడు వారాలు బండరాయి నానబెట్టాను. లేచి బల్ల దగ్గరికి నడిచాను.

"ఆ పిల్లకి తగిలింది మా పడవ" అన్నాను. కార్డు తీసి బల్ల మీద పెట్టాను. "ఇందులో ముందు ఫొటోలున్నాయి, తోక బాగానే ఉంటుంది. తర్వాతవి ఉన్నాయి, తెగి ఉంటుంది. మధ్యలో నాలుగు నిమిషాలు. ఇంజను ఆపమన్నది నేనే, ఫొటో కోసం. పిల్ల వెళ్లిపోయింది పద అన్నదీ నేనే. చూడకుండా అన్నాను. ఫొటో చూసుకుంటున్నాను."

తోకలావిడ నన్ను చూసిన చూపు మర్చిపోలేను. కోపం కంటే ఎక్కువ ఏదో ఉంది అందులో. కార్డు పాడైందని ఆవిడతో చెప్పినదాన్ని కదా.

అత్తయ్య కుర్చీలోంచి లేచింది. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, కవరులోంచి లైసెన్సు తీసి, నా కార్డు పక్కన పెట్టింది.

"పడవ నా పేరు మీద ఉంది" అంది.

అధికారి చాలాసేపు రాశాడు. ఈ సీజను మిగిలిన రోజులు, వచ్చే సీజను పూర్తిగా, మా పడవ రేవు దాటకూడదు. అత్తయ్య నిలబడే విన్నది. రాకెట్టు తన కుర్చీ తెచ్చి ఆవిడ వెనక వేశాడు. ఆవిడ కూర్చోలేదు, కానీ దాని వీపు మీద చెయ్యి ఆనించుకుంది.

ఆ సాయంత్రం పత్రికవాళ్లకి నాలుగు వాక్యాల ఉత్తరం రాసి ఫొటో వెనక్కి తీసుకున్నాను. ఎందుకో కూడా రాశాను. వాళ్లు జవాబివ్వలేదు.

అత్తయ్య నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. కంచం పెడితే తినేది, నీళ్లిస్తే తాగేది. ఇంట్లో ముగ్గురం ఒకళ్లనొకళ్లు తగలకుండా నడవడం నేర్చుకున్నాం. రేవులో మిగతా పడవలు జనంతో పోయేవి, జనంతో వచ్చేవి. మా పడవని గట్టు మీదకి లాగి ఒక పక్కకి ఒరిగించాం. పని లేకపోతే బుర్ర పాడవుతుందని దాని అడుగున పట్టిన గవ్వలు గీకుతూ కూర్చునేవాళ్లం, ఆవిడ ఒక కొసన, నేను ఒక కొసన.

పదో రోజు గీకుడు మానకుండానే అంది.

"నాకు తెలుసు."

నాకర్థం కాలేదు.

"పన్ను పీకించుకున్న రోజే తెలుసు. మీ ఆయన ఏదైనా దాచిన రోజు రెండోసారి వడ్డించుకోడు. చిన్నప్పట్నుంచీ అంతే. ఏదో అయిందనుకున్నా. తోక సంగతి విన్నాక ఏమైందో తెలిసిపోయింది."

"మరి అడగలేదేంటత్తయ్యా?"

ఆవిడ గీకే బ్లేడు పక్కన పెట్టింది. "రాకెట్టు పీడ విరగడవుతుంది కదా అని. పడవ నిలుస్తుంది కదా అని. నీకు నిలుపు, ఆపు అని పాఠాలు చెప్పినదాన్ని. తీరా నా దాకా వచ్చేసరికి నోరు కట్టేసుకుని కూర్చున్నా. తొమ్మిది రోజులుగా నీతో మాట్లాడంది నీ మీద కోపంతో అనుకున్నావా?"

అలాగే అనుకున్నానని చెప్పాను.

"కోపం కూడా ఉందిలే" అంది. "అది పోవడానికి ఇంకా టైము పడుతుంది. ఆ పక్క సరిగా గీకు, సగం వదిలేశావు."

నాకు ఏడుపొచ్చింది. గవ్వలు గీకుతూనే ఏడ్చాను.

సీజను చివరి వారంలో తోకలావిడ మా ఇంటికొచ్చింది. విచారణ తర్వాత మా గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. పరిశోధన కేంద్రంవాళ్లు కొండకొమ్ము మీద కూర్చుని దూరం నుంచి లెక్క చూశారట. పిల్ల బతికింది. గాయం మానింది. తల్లితో పాటు మా తీరం దాటి వెళ్లిపోయింది. అది చెబుతూ నా వైపు చూడలేదు గానీ, అది చెప్పడానికే వచ్చిందని నాకు తెలుసు.

అత్తయ్య పుస్తకం చూపించమంది. ఇన్నేళ్లుగా మా ఫొటోలు అందులోకి వెళ్లడమే గానీ ఆవిడ ఎప్పుడూ తెరిచి చూడలేదు. తోకలావిడ బల్ల మీద పెట్టి విప్పింది. ఒక్కో తిమింగలానికి ఒక్కో పేజీ. తోక ఫొటో, మొదట కనిపించిన రోజు, గుర్తులు. గాయాలున్నవాటికి కింద ఇంకో గడి, "గాయానికి కారణం" అని. అత్తయ్య వేలు పెట్టి చదవసాగింది.

"తెలియదు... తెలియదు... ఇదీ తెలియదే. ఇంత వీపు చీరుకుపోతే తెలియకపోవడమేంటి?"

"ఎవరూ చెప్పరండీ" అంది తోకలావిడ. "ఇరవై ఆరేళ్ల పుస్తకం. నూట నలభై గాయాలు. అన్నిటికీ అదే రాశాను."

చివరి పేజీలో మా పిల్ల. నేనిచ్చిన ఫొటోయే. తోక ఎడమ అంచు ఖాళీగా. ఇక ఎన్నేళ్లయినా, ఏ సముద్రంలో తేలినా, ఆ ఖాళీని బట్టే దాన్ని పోల్చుతారు. కింద గడిలో గుండ్రటి అక్షరాలతో ఉంది: "పడవ ప్రొపెల్లరు. పడవవాళ్లే చెప్పారు."

అత్తయ్య అది రెండుసార్లు చదివింది.

"పడవవాళ్లంటే ఎవరమ్మా? నేను చెప్పలేదు, నా కొడుకు చెప్పలేదు. తెలిసి ఇద్దరం నోరు మూసుకున్నాం. చేసిందీ మా కోడలే, చెప్పిందీ మా కోడలే. రెండూ రాయి."

"గడి చిన్నదండీ, అంత పట్టదు."

"పట్టేలా రాయి."

తోకలావిడ ఒక్క నిమిషం ఆవిడని, తర్వాత నన్ను చూసింది. పెన్ను తీసి, "పడవవాళ్లే చెప్పారు" అన్నదాన్ని కొట్టేసి, పైన సన్నటి అక్షరాలతో "చేసిందీ, చెప్పిందీ కోడలే" అని ఇరికించి రాసింది. చివరి మాట గడిలో పట్టక గీత దాటి బయటికి వచ్చేసింది.